బండరాళ్ల మీద బుల్లి ట్రక్కు



ఈ నెల మాకు అందిన ఉత్తరాలలో సత్తుపల్లి దగ్గరి ఒక పల్లె నుండి ఒక తల్లి వ్రాసినది ఉంది. పేరు, ఊరు బయటపెట్టవద్దని ఆమె కోరారు. సంగతి మాత్రం చాలా ఇండ్లలో ఉన్నదే. ఆమె ఇలా వ్రాశారు:

"మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం. రాళ్లెక్కే రిమోటు ట్రక్కు కావాలని మూడు నెలలుగా అడుగుతున్నాడు. ఇరవై వేలట! వాళ్ల నాన్న ఆ మాట వినగానే మండిపడ్డారు. ఆ డబ్బుతో మిరప తోటకు రెండు విడతలు మందు కొట్టుకోవచ్చు, ఇంత వయసు వచ్చి బొమ్మలేమిటి అన్నారు. అప్పటి నుండి తండ్రీ కొడుకులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. అన్నం కూడా వేరువేరు వేళల్లో తింటున్నారు. నేను ఎవరి పక్షాన నిలబడాలో చెప్పండి."

అమ్మా, మీరు ఎవరి పక్షాన నిలబడనక్కరలేదు. తండ్రి చెప్పిన లెక్క నిజమే. కొడుకు అడిగినది కూడా తప్పుడు కోరిక కాదు. అది ఎటువంటి వస్తువో ఇంట్లో ఇద్దరికీ ఒకేలా తెలియకపోవడం వలననే ఇంత దూరం వచ్చింది. కాబట్టి ఈసారి ఆ ట్రక్కు సంగతే కొంచెం వివరంగా వ్రాస్తున్నాము. తండ్రులు కూడా చదవాలని మా మనవి.

అసలు అదేమిటి?

తీర్థాలలో, జాతరలలో అమ్మే రిమోటు కారు మనందరం చూసినదే. మీట నొక్కితే ఒక్కసారిగా దూకుతుంది, వదిలితే ఆగుతుంది. వారం రోజులకు ఒక చక్రం ఊడితే ఇక పనికిరాదు, దానికి విడిభాగాలు దొరకవు. ఉత్తరంలోని కుర్రవాడు అడిగేది అది కాదు. దానిని రాక్ క్రాలర్ అంటారు, అనగా బండల మీద పాకే బండి. వేగంగా పోవడం దాని పని కాదు. మనిషి నడిచేంత నెమ్మదిగా, ఒక్కొక్క చక్రాన్ని ఒక్కొక్క రాయి మీద ఆనించుకుంటూ, తన ఎత్తుకు మించిన బండను కూడా ఎక్కి దిగుతుంది. రిమోటు మీద వేలు ఎంత కదిలితే బండి అంతే కదులుతుంది. ఏ భాగం విరిగినా ఆ ఒక్క భాగమే కొని, విప్పి, మళ్లీ బిగించుకోవచ్చు. పిల్లలు దీనిని హాబీ అనడానికి కారణం అదే.

ఇవి అసలు జీపులను, ట్రక్కులను ఒక కొలత ప్రకారం తగ్గించి చేసినవి. పదో వంతు కొలత బండి మూరెడు కంటే కాస్త పొడుగు, మూడు కిలోల వరకు బరువు ఉంటుంది. ఇరవై నాలుగో వంతు బండి జానెడే. అది అరచేతిలో పడుతుంది. వరండాలో నాలుగు పుస్తకాలు, రెండు ఇటుకలు పేర్చినా దానికి కొండే.

తీగ లేకుండా దూరం నుండి వస్తువును నడిపించడం కొత్త విద్య కాదు. 1898లో నికోలా టెస్లా అనే శాస్త్రవేత్త న్యూయార్కులో ఒక నీటి తొట్టెలో చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపించాడు. జపానులోని టమియా సంస్థ 1976లో రేడియో కార్ల తయారీ మొదలుపెట్టింది. అదే సంస్థ 1987లో క్లాడ్ బస్టర్ అనే పెద్ద చక్రాల ట్రక్కును విడుదల చేసింది. దానికి రెండు మోటార్లు, నాలుగు చక్రాలూ తిరుగుతాయి. అమెరికాలో జీపులతో కొండబండలు ఎక్కే అలవాటు ఉన్నవారు కొందరు ఆ బొమ్మ ఇరుసులను తీసుకొని, వాటి మీద తమ సొంత చట్రం కట్టి బండలెక్కించడం మొదలుపెట్టారు. తరువాత కంపెనీలే ఈ పని కోసం బండ్లు తయారు చేశాయి. ట్రాక్సస్ వారి టి.ఆర్.ఎక్స్.-4 అనే పెద్ద బండి 2017లో వచ్చింది. ఆక్సియల్ వారి జానెడు బండి ఎస్.సి.ఎక్స్.-24 వచ్చింది 2019లో. ఆ చిన్న కొలత వచ్చిన తరువాతనే ఇంట్లో ఆడుకునేవారు ఎక్కువయ్యారు. మీ అబ్బాయి ఫోనులో చూసినది బహుశా వీటిలో ఒకటే అయి ఉంటుంది.

ట్రాక్టరు తెలిసినవారికి ఇది తెలిసినదే

బొమ్మ అని కొట్టిపారేసే తండ్రులకు ఒక మాట. ఈ బండిలో ఉన్న కిటుకులన్నీ మీ పొలంలో తిరిగే ట్రాక్టరులో ఉన్నవే.

మొదటిది డిఫరెన్షియల్ లాకు. దమ్ము చేసేటప్పుడు ఒక వెనుక చక్రం బురదలో కూరుకుపోయి గిర్రున తిరుగుతూ ఉంటే, రెండోది కదలకుండా నిలిచిపోతుంది. అప్పుడు మీరు కాలి కింది లాకు పెడలును తొక్కుతారు. రెండు చక్రాలూ ఒకటిగా తిరిగి బండి బయటపడుతుంది. రాళ్ల మీద కూడా ఒక చక్రం గాలిలో లేస్తే బలమంతా దానికే పోతుంది. అందుకే చాలా క్రాలర్లలో ఆ లాకు ఎప్పుడూ పడే ఉంటుంది. దానివలన ఒక నష్టం కూడా ఉంది. లాకు వేసిన ట్రాక్టరు సరిగా మలుపు తిరగదని మీకు తెలుసు. ఈ బుల్లి బండికి కూడా మలుపుకు ఎక్కువ చోటు కావాలి.

రెండోది లో గేరు. బరువు లాగాలంటే వేగం తగ్గించి బలం పెంచాలి. క్రాలరులో చిన్న మోటారు చాలాసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరిగేలా పళ్ల చక్రాలను అమర్చుతారు.

మూడోది బరువు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కు జారుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి. ఎక్కువ లోడు కట్టిన ట్రాక్టరు ముందు లేచి వెనక్కు తిరగబడిన ప్రమాదాలు మన ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. అందుకే ట్రాక్టరు ముందు భాగానికి ఇనుప దిమ్మలు తగిలిస్తారు. క్రాలరులో కూడా ముందు చక్రాల లోపల ఇత్తడి బిళ్లలు పెడతారు. బరువు ఎంత కిందికి, ఎంత ముందుకు ఉంటే బండి అంత నిలకడగా ఎక్కుతుంది. పైన కొండంత సామాను కట్టిన జీపు మలుపులో ఎందుకు ఒరుగుతుందో భద్రాచలం ఏజెన్సీ దారులలో ప్రయాణం చేసినవారికి మేము చెప్పనక్కరలేదు.

నాలుగోది టైరు. గట్టి టైరు రాయి మీద జారుతుంది. మెత్తని టైరు రాయి ఆకారానికి వంగి పట్టుకుంటుంది. ఈ బండ్ల టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది. బండి బరువుకు టైరు కొంచెం నొక్కుకుపోవాలి. నొక్కుకోకపోతే బరువు చాలలేదని గుర్తు.

ఈ నాలుగు మాటలు తండ్రి కొడుక్కు చెప్పగలడు. ఫోనులో ఎన్ని వీడియోలు చూసినా, బురదలో లాకు తొక్కిన అనుభవం కొడుక్కు ఉండదు గదా!

ఇంకొక సంగతి. మన పల్లె పిల్లలకు బండి కట్టుకోవడం కొత్త కాదు. వేసవిలో ముంజలు తినేసిన తాటికాయలు రెండింటిని ఒక పుల్లకు రెండు కొసలా గుచ్చి, చివర చీలిన పొడవాటి కర్రతో నెట్టుకుంటూ వీధులన్నీ తిరిగినవారే నేటి తండ్రులు. ఆ బండికి ఖర్చు లేదు, కాని ఇరుసు వంకరగా ఉంటే పక్కకు పోతుందని, ఒక కాయ చిన్నదైతే ఒకవైపే తిరుగుతుందని అది నేర్పింది. చేతితో చేసి, చెడితే కారణం వెతికే ఆ గుణమే ఈ ట్రక్కులో కూడా అవసరం.

చంద్రుని మీద మన క్రాలరు

2023 ఆగస్టు 23న మన దేశపు చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి దగ్గరలో దిగిన సంగతి పిల్లలందరికీ తెలుసు. అందులోనుండి దిగిన ప్రజ్ఞాన్ బండి బరువు 26 కిలోలు, చక్రాలు ఆరు. వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరు. చీమ కూడా దానిని దాటిపోతుంది. ఒక చక్రం రాయి ఎక్కినా మిగిలినవి నేలను వదలకుండా ఉండేలా దాని కాళ్లను అమర్చారు. మన బుల్లి ట్రక్కులో కూడా ఇరుసులు అటూ ఇటూ బాగా వంగేలా చేయడానికి కారణం అదే. నేలను తాకని చక్రం బండిని లాగలేదు.

ఆగస్టు 27న ప్రజ్ఞాన్ దారికి మూడు మీటర్ల ముందర నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి కనబడింది. శాస్త్రవేత్తలు పంతానికి పోలేదు. వచ్చిన దారినే వెనక్కు రమ్మని ఆజ్ఞ పంపి, వేరొక దారి పట్టించారు. సెప్టెంబరు 2 నాటికి అది వంద మీటర్లు దాటి నడిచింది. ఈ ఆటలో గెలుపు ఓటములు ఇట్లే ఉంటాయి. బలంగా మీట నొక్కినవాడి బండి బోర్లా పడుతుంది. ఆగి, వంగి చూసి, వెనక్కు తీసి, మరో చక్రాన్ని ముందుకు పెట్టినవాడు గట్టెక్కుతాడు. నిదానమే ప్రధానం అని పెద్దలు అన్నది ఇక్కడ అక్షరాలా నిజం. ఫోను తెరను క్షణానికొకసారి వేలితో జరిపే ఈ రోజులలో, అరగంట సేపు ఒక్క బండరాయి వైపే చూస్తూ కూర్చునే పిల్లవాడిని చూసి మేమైతే సంతోషిస్తాము.

డబ్బు సంగతి

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాము. ధరలు ఊరికీ, నెలకూ మారుతుంటాయి గనుక ఉజ్జాయింపుగానే చెబుతున్నాము.

పేరున్న కంపెనీల పదో వంతు బండి మన దేశానికి వచ్చేసరికి అర లక్ష పైమాటే. జానెడు బండ్లు కూడా పదిహేను, ఇరవై వేల దగ్గర ఉంటాయి. దీనికి ఒక కారణం దిగుమతి సుంకం. బొమ్మల మీద 20 శాతం ఉన్న సుంకాన్ని ప్రభుత్వం 2020లో 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. చైనా నుండి డబ్ల్యు.పి.ఎల్., ఎం.ఎన్. అనే పేర్లతో వచ్చే బండ్లు నాలుగైదు వేల నుండి దొరుకుతాయి. వాటిలో చాలా భాగం ప్లాస్టిక్కు, మోటారు చిన్నది. కాని రాళ్లెక్కడం నేర్చుకోవడానికి చాలు. విడిభాగాలు కూడా వస్తాయి. నేర్చుకునేవాడు మొదటి నెలలోనే ఎన్నోసార్లు బోర్లా వేస్తాడు. ఆ దెబ్బలు అయిదు వేల బండి తినడమే మేలు.

కాబట్టి మా సలహా ఇది. ఇరవై వేల బండిని ఇప్పుడు కొనవద్దు. అసలే వద్దని కూడా అనవద్దు. ఇల్లు భరించగల సొమ్ము ఎంతో తండ్రి ఒక్క మాట చెప్పాలి. ఆ సొమ్ములో నాలుగో వంతు పక్కన పెట్టాలి. రెండో బ్యాటరీ, మంచి చార్జరు, చిన్న అలెన్ కీలు, విరిగిపోయే పళ్ల చక్రాలు దానితో కొనాలి. బండి మాత్రమే కొని చేయి ఖాళీ చేసుకున్నవారి బండి నెల తిరగకుండా అటక ఎక్కుతుంది.

ఇంకొక మంచి దారి ఉంది. మిగతా రిమోటు కార్లతో పందెం పెట్టాలంటే నలుగురికి నాలుగు కార్లు కావాలి. రాళ్లెక్కే ఆటలో ఒకరి తరువాత ఒకరు ఒకే దారిని దాటుతారు. ఎవరికి తక్కువ తప్పులు పడితే వారు గెలిచినట్లు. అంటే నలుగురికి ఒక్క బండి చాలు! నలుగురు స్నేహితులో, అన్నదమ్ముల బిడ్డలో కలిసి తలా వెయ్యి, పన్నెండు వందలు వేసుకుంటే ఎవరి ఇంటికీ భారం కాదు. బండి వారానికి ఒక ఇంట్లో ఉంచుకోవచ్చు. విరిచినవాడే బాగుచేయాలని ముందే మాట అనుకోవాలి. ఆడపిల్లలను కూడా కలుపుకోండి. ఈ ఆటకు కావలసినది ఓపిక, చేతి నెమ్మది. వాటిలో వారు ఎవరికీ తీసిపోరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాము. బొమ్మ కోసం అప్పు చేయవద్దు. ముఖ్యంగా ఫోనులో నిమిషంలో అప్పిచ్చే యాప్‌ల జోలికి యౌవనస్థులు వెళ్లవద్దు. 2020 చివరలో అటువంటి అప్పుల వారి వేధింపులు తట్టుకోలేక మన రాష్ట్రంలో యువకులు ప్రాణాలు తీసుకున్నారు. ఇంట్లో మాటలు నిలిచిపోయినప్పుడే పిల్లలు అటువంటి దారులు వెతుకుతారు. తండ్రి కోపంలో న్యాయం ఉన్నా, మౌనం మాత్రం ప్రమాదకరం.

కొనేముందు చూడవలసినవి

రిమోటులో వేలు కొద్దిగా కదిపితే బండి కొద్దిగానే కదలాలి. ఒక్కసారిగా దూకేది పనికిరాదు. ఇరుసులు రెండూ ఇంజను బలంతో తిరగాలి, అనగా నాలుగు చక్రాల బండి అయి ఉండాలి. ఒక ముందు చక్రాన్ని చేతితో పైకెత్తి చూడండి. మిగిలిన మూడు నేలనే ఉండాలి. పళ్ల చక్రాలు, టైర్లు, సర్వో అనబడే చక్రాలు తిప్పే చిన్న మోటారు విడిగా దొరుకుతాయో లేదో అమ్మేవారిని అడగండి. దొరకవంటే ఎంత చవకైనా కొనవద్దు. ఇప్పటి రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తాయి. తక్కువ శక్తి గల ఇటువంటి వాటికి మన దేశంలో లైసెన్సు అవసరం లేదు.

వయసు సంగతి కూడా గమనించండి. పేరున్న కంపెనీల బండ్ల పెట్టెల మీద 14 సంవత్సరాలు దాటినవారికి అని వ్రాసి ఉంటుంది. అంతకంటె చిన్న పిల్లలకు బొమ్మ కొంటే ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. 2021 జనవరి 1 నుండి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి చేశారు.

బ్యాటరీతో జాగ్రత్త

తల్లులారా, ఈ భాగాన్ని మీరు తప్పక చదవాలి. చవక బండ్లలో నికెల్ బ్యాటరీ గాని, లిథియం బ్యాటరీ గాని వస్తుంది. కొత్తవారికి నికెల్ బ్యాటరీ సులువు, అది మొరటుగా వాడినా తట్టుకుంటుంది. పిల్లలు లైపో అని పిలిచే లిథియం పాలిమర్ బ్యాటరీ తేలిక, బలం ఎక్కువ, కాని దానికి క్రమశిక్షణ కావాలి. అందులోని ఒక్కొక్క గది 4.2 వోల్టులకు మించి నిండకూడదు, 3 వోల్టుల కంటె దిగకూడదు. వారాల తరబడి వాడనప్పుడు నిండుగా గాని, ఖాళీగా గాని ఉంచక 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. దానికి తగిన చార్జరుతోనే ఎక్కించాలి, ఫోను చార్జరు తీగలు కోసి కలపడం వంటి పనులు చేయరాదు.

మంచం మీద, పరుపు మీద, గడ్డివాము దగ్గర, తాటాకు కప్పు కింద చార్జింగు పెట్టవద్దు. గచ్చు నేల మీద, మట్టి మూకుడులో పెట్టి, మనిషి దగ్గర ఉన్నంతసేపే ఎక్కించాలి. రాత్రి పెట్టి నిద్రపోకూడదు. పక్కన ఒక బకెట్టు ఇసుక ఉంచండి. ఆట ముగిసిన వెంటనే కాక, బ్యాటరీ చల్లారిన తరువాత ఎక్కించాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక ముట్టవద్దు, గుచ్చవద్దు, పొయ్యిలో వేయవద్దు. మన వైపు మే నెల ఎండలు ఎలా ఉంటాయో తెలుసు గదా! రేకుల ఇంట్లో కిటికీ పక్కన, ఎండలో నిలిపిన కారులో బ్యాటరీని వదలవద్దు.

ఎక్కడ ఆడాలి?

సత్తుపల్లి పక్కనే సింగరేణి వారి జలగం వెంగళరావు ఓపెన్ కాస్టు గని ఉంది. బొగ్గు కోసం తవ్విపోసిన రాతి మట్టి గుట్టలు దూరం నుండి చూస్తే ఈ ఆట కోసమే పోసినట్లు ఉంటాయి. పిల్లలు అటువైపు చూడకుండా ఉండరు. వెళ్లనివ్వవద్దు. వదులుగా పోసిన ఆ మట్టి ఎప్పుడు జారుతుందో చెప్పలేము. అక్కడ పేలుళ్లు జరుగుతాయి, ఇంటి ఎత్తు డంపర్లు తిరుగుతాయి. డంపరు నడిపేవానికి దగ్గరలో నిలబడిన మనిషి కనబడడు. అనుమతి లేనివారికి అక్కడ చోటు లేదు. అలాగే కనకగిరి గుట్టల వైపు అడవి రిజర్వు అడవి. ఆట కోసం లోపలికి వెళ్లి రాళ్లు కదపడం తగదు.

దూరం వెళ్లవలసిన పని కూడా లేదు. పెరట్లో పది తట్టల మట్టి, బావి తవ్వినప్పుడు తీసిన రాళ్లు, ఒక తాటి మొద్దు, రెండు విరిగిన పెంకులు ఉంటే చాలు. మొద్దును వంతెనగా వేయండి. రాళ్లను కదలకుండా సగం వరకు మట్టిలో పాతండి. జానెడు బండికి పిడికిలంత రాళ్లు, పెద్ద బండికి తలకాయంత రాళ్లు సరిపోతాయి. గుడి ఆవరణలో గాని, స్కూలు ఆవరణలో గాని ఖాళీ చోటు ఉంటే పెద్దలను అడిగి వేసుకోవచ్చు. ఒకరి చేను గట్టు మీద మాత్రం అడగకుండా ఆడవద్దు.

రాయి ఎత్తేముందు కర్రతో కదిపి చూడాలి. మన ప్రాంతంలో రాళ్ల కింద తేళ్లు, పాములు ఉంటాయి. వట్టి కాళ్లతో కాకుండా బూట్లు వేసుకొని ఆడాలి. బండి పొదలో పడితే చేయి పెట్టి తీయవద్దు, కర్రతో లాగాలి. చీకటి పడకముందే ఆట ముగించాలి.

ఆట, అభ్యాసం

రెండు వెదురు పుల్లలు జానెడు ఎడంగా పాతితే అది ఒక గేటు. అటువంటివి ఎనిమిదో పదో వరుసగా రాళ్ల మధ్య పెట్టండి. బండి ఒక్కొక్క గేటును దాటాలి. విదేశాలలో జరిగే పోటీలలో కూడా ఇదే పద్ధతి. తప్పులకు అంకెలు వేస్తారు, తక్కువ అంకెలు వచ్చినవారు గెలుస్తారు. మీ ఇంటి లెక్క ఇలా పెట్టుకోవచ్చు: బండిని వెనక్కు తీస్తే 1, పుల్ల తగిలితే 5, చేతితో ముట్టుకుంటే 10. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. తండ్రి గాని, తాతయ్య గాని కాగితం పట్టుకొని అంకెలు వేయాలి. లెక్క వేసేవాని మాటే చివరి మాట అని ముందే ఒప్పుకుంటే తగాదాలు ఉండవు.

నేర్చుకునేవారు మొదటి వారం రాళ్ల జోలికి పోవద్దు. నేల మీద ఒక గీత గీసి, దాని మీద ఒక పక్క చక్రాలు తప్పిపోకుండా నడపండి. తరువాత ఒకే ఇటుక. ఇటుకకు ఎదురుగా కాకుండా కొంచెం ఐమూలగా వెళ్లి, ముందు ఒక చక్రాన్ని ఎక్కించి, ఆ తరువాత రెండో దానిని ఎక్కించండి. బండి కడుపు రాయికి తగిలి వేలాడితే చక్రాలు తిప్పుతూ ఉండవద్దు. మోటారు కాలిపోతుంది. మోటారు మీద చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే పావుగంట ఆపండి. నడిపేవాడు ఒక్కచోటే నిలబడక, బండితోపాటు నడిచి అవతలి వైపు నుండి కూడా చూడాలి. ఇవతల కనబడని గుంట అవతలినుండి కనబడుతుంది.

బండి వెనక్కు పడిపోతూ ఉంటే ముందు చక్రాలకు బరువు చేర్చండి. ఇత్తడి బిళ్లలు కొననక్కరలేదు, చిన్న ఇనుప వాషర్లు గాని, నట్లు గాని రెండు వైపులా సమంగా బిగిస్తే చాలు. పంక్చరు షాపులో దొరికే సీసం తూకాలు మాత్రం వాడవద్దు. సీసం చేతికంటి నోటిలోకి పోతే పిల్లలకు విషం.

ఆట అయ్యాక పాత రంగు కుంచెతో దుమ్ము దులపాలి. చవక బండ్లను వాగులో, బురదలో దింపవద్దు, లోపలి కరెంటు భాగాలు తడిస్తే పోతాయి. నెలకొకసారి స్క్రూలన్నీ బిగించి, పళ్ల చక్రాలకు కాస్త గ్రీజు పూయాలి. ఇరుసు దగ్గర చుట్టుకున్న గడ్డి, వెంట్రుకలు తీసేయాలి. ఈ పని పిల్లవాడే చేయాలి. విప్పినప్పుడు ఏ స్క్రూ ఎక్కడిదో తెలియడానికి ఒక కాగితం మీద బొమ్మ గీసి, స్క్రూలను దాని మీదే పెట్టుకుంటే తికమక ఉండదు.

తండ్రికి, కొడుకుకు

యౌవనుడా, నీ తండ్రి వద్దన్నది నీ సంతోషాన్ని కాదు. పంట ధర ఎప్పుడు పడిపోతుందో తెలియని మనిషి చేతిలో ఇరవై వేలు చిన్న మొత్తం కాదు. బండి అడిగే ముందు ఒక నెల ట్రాక్టరు దగ్గర ఆయనకు సాయం చెయ్యి. డిఫరెన్షియలు ఎలా పనిచేస్తుందో ఆయననే అడుగు. కొన్న తరువాత చదువు వేళలలో దానిని ముట్టుకోవద్దు. పరీక్షల నెలలో బ్యాటరీ అమ్మ దగ్గర ఉంచు.

తండ్రీ, మీవాడు అడిగినది మత్తు కాదు, జూదం కాదు. విప్పి బిగించగల వస్తువు అడిగాడు. పదహారేళ్ల కుర్రవాడు ఇంకా మిమ్మల్ని అడుగుతున్నాడంటే అది మీ ఇంటి భాగ్యం. మరి కొద్ది సంవత్సరాలకు చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదు వెళ్లిపోతాడు. అప్పుడు మాట్లాడదామన్నా మనిషి ఎదుట ఉండడు. ఎంత భరించగలరో చెప్పండి, ఎంత భరించలేరో కూడా చెప్పండి. లెక్క విడమరచి చెబితే పిల్లలకు అర్థమవుతుంది. బండి వచ్చిన రోజున ఒక్కసారి రిమోటు మీరు పట్టుకోండి. మొదటి ఇటుక దగ్గరే బోర్లా వేస్తారు, పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

అమ్మా, ఈ రాత్రి ఇద్దరికీ ఒకే వేళ అన్నం వడ్డించండి. ఈ పత్రికను వారి మధ్య పెట్టి, డబ్బు సంగతి ఉన్న భాగాన్ని ఎవరో ఒకరిని పైకి చదవమనండి. మిగిలిన మాటలు వారే మాట్లాడుకుంటారు.